గరాటుకు పనికొచ్చే చిట్కా కిడ్నీకి పనికొస్తుందా?

ప్రశ్న: సార్, నేను గుంటూరులో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కెమిస్ట్రీ, జువాలజీ రెండూ ఉన్నాయి. ప్రాక్టికల్స్‌లో బేరియం సల్ఫేట్ వడకట్టడానికి నాకు గంట దాటుతోంది, పక్క బెంచీ అమ్మాయికి అరగంటలో అయిపోతోంది. అదే పేపర్, అదే గరాటు. మా సార్‌ని అడిగితే వేడి మీద వడకట్టు, పీడనం పెంచు, వైశాల్యం పెంచు అన్నారు. జువాలజీ ఇంటర్నల్స్‌లో కిడ్నీలో వడపోత రేటు దేనిమీద ఆధారపడుతుందని అడిగితే ఇవే రాశాను, పదికి మూడు వేశారు. అదలా ఉంచితే, మా నాన్నకు 61 ఏళ్లు, మిర్చి యార్డులో గుమాస్తా. పోయిన వారం టెస్టులో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో కొలుస్తారు) 1.4, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత రేటు అంచనా) 57 వచ్చింది. బీపీకి టెల్మిసార్టాన్ వాడతారు, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుని వేసుకుంటారు. షుగర్ లేదు. మా మేనత్త "రోజూ అయిదు లీటర్ల నీళ్లు తాగించు, ఆ ఒత్తిడికి కిడ్నీ శుభ్రంగా వడకడుతుంది, ఆ బీపీ మాత్ర ఆపెయ్, అది కిడ్నీకి చెడ్డది" అంటోంది. ల్యాబ్‌లో పీడనం పెంచితే వేగం పెరుగుతుంది కదా, మరి అత్త చెప్పింది కరెక్టేనా?
- ఓ విద్యార్థిని, గుంటూరు

సమాధానం:

ముందు నాన్నగారి సంగతి తేల్చేద్దాం, ల్యాబ్ ఎక్కడికీ పోదు. అయిదు లీటర్లు వద్దు. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. డైక్లోఫెనాక్ మాత్రం ఇవాళ్టి నుంచి డాక్టర్ని అడక్కుండా ఒక్కటి కూడా వేసుకోవద్దని చెప్పు. 57 అన్న అంకె చూసి ఇంటిల్లిపాదీ డయాలసిస్ దాకా ఊహించుకుని నిద్ర పాడు చేసుకోవాల్సిన పని లేదు, అలాగని కాగితం మడిచి బీరువాలో పెట్టేసే అంకె కూడా కాదది. నేను ఫిజియాలజీ పాఠం చెప్పుకునేవాణ్ణే గానీ మందు రాసేవాణ్ణి కాదు, కాబట్టి మందుల మీద చివరి మాట మీ డాక్టర్‌దే. ఆ మాట ఎందుకలా ఉంటుందో అర్థమయ్యేలా చెప్పడమే నా పని.

మీ అత్త మాట వినగానే కొట్టిపారేయలేం, అందులో ఫిజిక్స్ ఉంది. అసలు వడపోత సూత్రం అదే. ఫ్రాన్స్‌లో దిజోన్ అనే ఊరికి మంచినీళ్ల ఏర్పాట్లు చేసిన ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక నింపిన గొట్టాల గుండా నీళ్లు పంపి, ఎంత పీడనానికి ఎంత నీరు దిగుతోందో కొలిచి 1856లో ప్రచురించాడు. ఆయన కొలిచింది ఇసుకలో నీళ్లే అయినా, తర్వాతివాళ్లు దాన్ని వడపోత మొత్తానికి వర్తించేలా సాగదీశారు. పీడనంలో తేడా, వడపోత జరిగే వైశాల్యం, ఈ రెండూ ఎక్కువైతే వేగం పెరుగుతుంది. ద్రవం స్నిగ్ధత (చిక్కదనం), అడ్డుగా ఉన్న పొర నిరోధం, ఈ రెండూ ఎక్కువైతే వేగం తగ్గుతుంది. మీ సార్ చెప్పిన మూడు చిట్కాలూ ఇందులోవే. ఆయన తప్పు చెప్పలేదు, కాకపోతే నీ గంటకు కారణం వాటిలో లేదేమో అని నా అనుమానం.

నీ పక్క బెంచీ అమ్మాయి చేతులు ఈసారి గమనించు. బేరియం క్లోరైడ్ కలపగానే తెల్లగా పాలలా విరిగిన ఆ అవక్షేపాన్ని ఆమె వెంటనే గరాటులో పోయదు, బీకరును వేడి నీళ్ల మీద అలా వదిలేస్తుంది. అలా వేడిలో నాననిస్తే సన్నటి రేణువులు కరిగి, పెద్ద రేణువుల మీద చేరి, మొత్తం ముతకబారుతుంది. డైజెషన్ అని మాన్యువల్‌లో ఒక్క లైను రాసి ఉంటుంది, చాలామంది ఆ లైను దగ్గరే గడియారం చూసి తొందరపడతారు. సన్న పిండి పేపర్ రంధ్రాల్లో ఇరుక్కుని దారి మూసేస్తుంది, ఇంకా సన్నదైతే కిందికే దిగిపోతుంది. ముతక రేణువుల మధ్య నుంచి నీళ్లు దారి చేసుకుంటాయి. నువ్వు అక్కడ మిగిల్చుకున్న టైమంతా గరాటు దగ్గర వడ్డీతో సహా కడుతున్నావు.

ఇంకోటి, పేపర్ కూర్చోబెట్టడం. సగానికి మడిచి, మళ్లీ పావుకు మడిచేటప్పుడు అంచులు కచ్చితంగా కలపకుండా కాస్త పక్కకు జరిపి, మూడు మడతలున్న వైపు బయటి మూల చిటికెడు చింపాలి. అప్పుడే ఆ మడత దగ్గర గాలి దూరకుండా గాజుకు అంటుకుంటుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, పై అంచు చుట్టూ వేలితో మెల్లగా ఒత్తాలి. సరిగ్గా కుదిరితే గరాటు కాడ నిండా నీళ్లు నిలబడతాయి, మధ్యలో ఒక్క గాలి బుడగ కూడా ఉండదు. ఆ నిలబడ్డ నీటి బరువే పైనున్న ద్రవాన్ని కిందికి లాగుతుంది. కాడలో బుడగ ఉందంటే ఆ లాగుడు పోయినట్టే, ఇక పేపర్ మీద ఉన్న నీళ్ల ఎత్తు ఎంతో అంతే పీడనం, అంటే నామమాత్రం. కాడ పొడవు 15 సెంటీమీటర్లు అనుకుంటే ఆ నీటి స్తంభం ఇచ్చే పీడనం పాదరసంలో దాదాపు 11 మిల్లీమీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకో, దీనితో మళ్లీ పని ఉంది.

మిగతావి గబగబా చెప్తాను. వేడి సంగతి నిజమే, 20 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత 1 అనుకుంటే 80 డిగ్రీల దగ్గర అది 0.35కు పడిపోతుంది, అంటే అదే గరాటులో దాదాపు మూడు రెట్ల వేగం. బేరియం సల్ఫేట్ వేడి నీళ్లలోనూ కరగనట్టే లెక్క కాబట్టి భయం లేదు, అదే లెడ్ క్లోరైడ్‌తో ఈ పని చేస్తే అవక్షేపం కూడా కిందికి వచ్చేస్తుంది. పేపర్ నంబరు ముఖ్యం: వాట్‌మన్ 42 రెండున్నర మైక్రాన్ల దాకా పట్టే నెమ్మది రకం, 41 ఇరవై మైక్రాన్ల వేగం రకం, వేగం కోసం 41 వాడితే నీ బేరియం సల్ఫేట్ బీకరులో తేలుతుంది. పైనున్న తేట నీళ్లు ముందు వంచి, అవక్షేపం చివర్లో పోస్తే పేపర్ మీద ముద్ద కట్టడం ఆలస్యమవుతుంది. వాక్యూమ్ పంపు పెట్టి లాగొచ్చు, కానీ శంకువులా మడిచిన పేపర్‌కు వాక్యూమ్ పెడితే ముక్కు దగ్గర చిరుగుతుంది, దానికి అడుగు చదునుగా చిల్లులతో ఉండే బుక్నర్ గరాటో, సన్న రంధ్రాల గాజు అడుగున్న క్రూసిబులో ఉండాలి. ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ లాంటి జిగురు అవక్షేపాలైతే ఎంత లాగితే అంత అణిగిపోయి దారి మూసేస్తాయి, అక్కడ పీడనం పెంచడం మన గొయ్యి మనం తవ్వుకోవడమే. అంటే ల్యాబ్‌లో కూడా "పీడనం పెంచితే వేగం పెరుగుతుంది" అన్నది అన్నిసార్లూ నిజం కాదన్నమాట.

ఇప్పుడు కిడ్నీలోకి వద్దాం. రెండు కిడ్నీల్లో కలిపి దాదాపు 20 లక్షల గ్లోమెరులస్‌లు ఉంటాయి, ఒక్కోటీ ఉండలా చుట్టుకున్న కేశనాళికల గుత్తి. ఆ నాళికల్లో రక్తపీడనం సుమారు 55 మిల్లీమీటర్లు, అది నీటిని బయటికి తోస్తుంది. ఎదురుగా, ఆ గుత్తిని చుట్టి ఉండే బౌమన్ గుళికలో అప్పటికే ఉన్న ద్రవం 15తో వెనక్కి నెడుతుంది. రక్తంలో మిగిలిపోయిన ప్రోటీన్లు, ముఖ్యంగా అల్బుమిన్, నీటిని తమవైపు 30తో లాక్కుంటాయి. 55 నుంచి 15, 30 తీసేస్తే మిగిలేది 10. ఒక్కో పుస్తకంలో అంకెలు అటూ ఇటూ ఉంటాయి గానీ చివర మిగిలేది ఆ పదే. పది మిల్లీమీటర్ల పాదరసం అంటే 13.6 సెంటీమీటర్ల నీటి స్తంభం. అంటే నీ కిడ్నీ, బుడగ లేకుండా నిండిన గరాటు కాడ ఎంత లాగుతుందో దాదాపు అంతే పీడనంతో పనిచేస్తోంది! ఆ పీడనంతోనే నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు వడకడుతోంది.

మరి అంత చిన్న పీడనానికి అంత వేగం ఎలా? నీ చేతిలో ఉన్న 11 సెంటీమీటర్ల పేపర్‌ని శంకువులా మడిస్తే వడకట్టే వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్ల లోపే. గ్లోమెరులస్‌ల కేశనాళికల గోడలన్నీ పరిస్తే సుమారు 0.8 చదరపు మీటరు, అంటే 8,000 చదరపు సెంటీమీటర్లు. నీ పేపర్ మందం మిల్లీమీటరులో అయిదో వంతు. అక్కడ వడపోత పొరలో భాగమైన ఆధార త్వచం మందం 300 నుంచి 350 నానోమీటర్లు, దానికంటే కొన్ని వందల రెట్లు పలచన. రంధ్రాలు మాత్రం నీ పేపర్‌వాటి కంటే ఎంతో సన్నం, పైగా గోడకు రుణావేశం ఉంటుంది కాబట్టి అదే ఆవేశమున్న అల్బుమిన్‌ను దగ్గరికి రానివ్వదు. రంధ్రం సన్నదవడం వల్ల పోయే వేగాన్ని వైశాల్యం, పలచదనం కలిసి తిరిగి తెచ్చిపెడుతున్నాయి.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటి ఉంది. నీ గరాటులో పోసిన ద్రవమంతా పేపర్ గుండానే దిగాలి, దిగనిది అక్కడే పేరుకుంటుంది. కిడ్నీకి నిమిషానికి 650 మిల్లీలీటర్ల దాకా ప్లాస్మా వస్తే అందులో అయిదో వంతే వడపోతకు వెళ్తుంది, మిగతా నాలుగు వంతులు రక్తకణాలనూ ప్రోటీన్లనూ వెంటేసుకుని గోడ పక్కగా పారి, రక్తాన్ని బయటికి తీసుకెళ్లే అపవాహి ధమనిక గుండా వెళ్లిపోతుంది. పేపర్ మార్చే పని లేకుండా జీవితాంతం ఎలా నడుస్తోందంటే ముద్ద కట్టే అవకాశం చాలా తక్కువ కాబట్టి. అయితే దీనికో షరతు ఉంది, రక్త ప్రవాహం ఆగకూడదు. ప్రవాహం మందగిస్తే ప్రోటీన్లు చిక్కబడతాయి, అవి నీటిని లాక్కునే బలం పెరుగుతుంది, వడపోత తగ్గుతుంది. ఈ బలాల లెక్క కేశనాళికల విషయంలో 1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ చెప్పినదే. మీ సిలబస్‌లో ఆయన పేరు ఉంటుంది, లెక్క మాత్రం ఎవరూ చేయించరు.

ఆ లెక్క ఒక్కసారి చేసి చూడు. గ్లోమెరులస్ పీడనం 55 నుంచి 50కి తగ్గిందనుకో. చూడ్డానికి అయిదే, పదో వంతు కూడా లేదు. మిగతా రెండూ మారలేదనుకుంటే నికరంగా మిగిలే పది కాస్తా అయిదవుతుంది, అంటే వడపోత సగం. పీడనం 60 అయితే నికరం 15, ఒకటిన్నర రెట్లు. ల్యాబ్‌లో వాక్యూమ్ కొంచెం అటూ ఇటూ అయినా నీకు పోయేదేమీ ఉండదు, ఇక్కడ మాత్రం పెద్ద అంకెల్లోంచి పెద్ద అంకెలు తీసేస్తే మిగిలిన చిన్న అంకె మీద బతుకంతా ఆధారపడి ఉంది. అందుకే శరీరం ఈ పీడనాన్ని మన చేతికి ఇవ్వదు.

సగటు రక్తపీడనం 80 నుంచి 180 మధ్య ఎంత ఊగినా గ్లోమెరులస్ పీడనం పెద్దగా కదలకుండా కిడ్నీ తనే చూసుకుంటుంది. పీడనం పెరిగితే, రక్తాన్ని లోపలికి తెచ్చే అభివాహి ధమనిక గోడ కండరం సాగి, ఆ సాగుడుకు ప్రతిగా బిగుసుకుంటుంది. అది చాలదన్నట్టు, వృక్క నాళికలో కొంత దూరం వెళ్లాక ఉండే మాక్యులా డెన్సా అనే కణాలు అక్కడికి చేరే ఉప్పును కనిపెట్టి, ఎక్కువైతే అభివాహిని ఇంకా బిగించమని కబురు పెడతాయి. ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో చూడు. బీపీ 100 నుంచి 125కు పెరిగి దానితోపాటే వడపోత కూడా పావు వంతు పెరిగితే, రోజుకు 180 లీటర్లు కాస్తా 225 అవుతుంది. వడకట్టిన దాంట్లో దాదాపు అంతా కిడ్నీ నాళికలు రక్తంలోకి వెనక్కి పీల్చుకుంటాయి, అది మునుపటిలాగే 178.5 లీటర్లనుకుంటే మూత్రం రోజుకు 46.5 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా అంతా కలిపి మూడు లీటర్లు. మెట్లెక్కి వచ్చేసరికి మనిషి ఎండిపోవాలి.

మీ అత్త మాట ఇప్పుడు మళ్లీ చూద్దాం. అయిదు లీటర్లు తాగితే మూత్రం ఎక్కువ వస్తుంది, అది కళ్లకు కనిపిస్తుంది, కాబట్టి కిడ్నీ ఎక్కువ వడకట్టిందని అనిపించడం సహజం. కానీ ఆ ఎక్కువ మూత్రం వడపోత పెరగడం వల్ల రాలేదు. నీళ్లు ఎక్కువైతే మెదడు నుంచి వచ్చే ఏడీహెచ్ హార్మోను తగ్గుతుంది, అది తగ్గితే నాళికల చివర ఉండే సంగ్రహణ నాళాలు నీటిని వెనక్కి పీల్చుకోవడం తగ్గిస్తాయి. 180 లీటర్లు వడకట్టడం దాదాపు అలాగే ఉంది, వెనక్కి తీసుకోవడంలో తేడా వచ్చిందంతే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లతో ఎక్కువ నీళ్లు తాగిస్తే లాభముందేమోనని కెనడాలో ఏడాదిపాటు చూశారు, 2018లో ఫలితాలు వచ్చాయి, ఎక్కువ తాగినవాళ్లకూ మామూలుగా తాగినవాళ్లకూ వడపోత రేటు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గుండె బలహీనంగా ఉన్నా, కాళ్లు వాచినా అన్ని నీళ్లు ప్రమాదం కూడా, రక్తంలో సోడియం పడిపోతుంది.

అయితే ఒక్కచోట అత్త మాట పనికొస్తుంది. మీ నాన్నగారు వేసవిలో యార్డులో మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెమట కక్కుతూ, ఘాటుకు దగ్గుతూ, లెక్కల హడావిడిలో నీళ్ల బాటిల్ ముట్టకుండా ఉంటే, ఆ రోజు ఆయన రక్త పరిమాణం తగ్గుతుంది, ప్రోటీన్లు చిక్కబడతాయి, వడపోత నిజంగానే పడిపోతుంది. పోయింది నింపుకుంటే తిరిగి మామూలు స్థాయికి వస్తుంది. మామూలు స్థాయి దాటి పైకి పోదు, అంతే తేడా. దాహం వేసే దాకా ఆగకుండా మధ్యమధ్యలో తాగడం, మూత్రం ముదురు పసుపు కాకుండా చూసుకోవడం, ఇది చాలు. మజ్జిగైనా బార్లీ నీళ్లైనా ఇష్టమైతే తాగమను, నీళ్ల లెక్కలోకే వస్తాయి, అంతకంటే మహత్యం ఏమీ లేదు. కొబ్బరి నీళ్లు మాత్రం పొటాషియం సంగతి డాక్టర్‌ను అడిగాకే రోజూ అలవాటు చేసుకోవాలి. "కిడ్నీ క్లీన్" అని డబ్బాలో అమ్మే పొడులు, వేర్ల కషాయాలు ఇంట్లోకి రానివ్వకు.

ఇప్పుడు మాత్రల దగ్గరికి. మీ ఇంట్లో ఉన్న అసలు సమస్య ఇక్కడ ఉందని నా అనుమానం.

గ్లోమెరులస్‌కు ముందు ఒక ధమనిక, తర్వాత ఒక ధమనిక ఉంటాయి. మామూలుగా కేశనాళికల తర్వాత వచ్చేది సిర, ఇక్కడ మళ్లీ ధమనిక రావడమే విశేషం. మన ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎలా ఉంటుందో ఆలోచించు. ఎగువ నుంచి వచ్చే నీరు తగ్గితే మట్టం దిగుతుంది, వచ్చే నీరు అంతే ఉన్నా కింది గేట్లు ఎత్తేస్తే కూడా దిగుతుంది, గేట్లు దించితే పెరుగుతుంది. అభివాహి ఎగువ ప్రవాహం, అపవాహి గేటు, గ్లోమెరులస్ పీడనం ఆ మట్టం. రక్త పరిమాణం తగ్గినప్పుడు శరీరం రెండు పనులు చేస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలతో అభివాహిని తెరిచి ఉంచుతుంది, యాంజియోటెన్సిన్ అనే హార్మోనుతో అపవాహిని బిగిస్తుంది. మట్టం నిలబడుతుంది.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లను తయారు కానివ్వవు. మోకాలికి హాయిగా ఉంటుంది, కిడ్నీలో ఎగువ ప్రవాహం తగ్గుతుంది. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్ పనిని అడ్డుకుంటుంది, అంటే గేటు కాస్త ఎత్తినట్టు. ఎండలో నీళ్లు తాగని మనిషి ఈ రెండూ వేసుకుంటే వచ్చేది తగ్గింది, పోయేది పెరిగింది. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా కలిసి ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. మీ నాన్నగారి మాత్ర పేరు పక్కన హెచ్ అని గానీ హైడ్రోక్లోరోథయాజైడ్ అని గానీ ఉందేమో స్ట్రిప్ తిప్పి చూడు, చాలామందికి రెండూ కలిపిన మాత్రే ఇస్తారు, వాళ్లకు ఆ సంగతి తెలియదు.

అయితే టెల్మిసార్టాన్ చెడ్డదన్నమాటేగా, అత్త చెప్పింది నిజమేగా అంటావు. కాదు. గేటు కాస్త ఎత్తడం వల్ల అంకెలో కొంచెం తగ్గుదల కనిపిస్తుంది, ఆ మందు మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే డాక్టర్లు సాధారణంగా కంగారుపడరు కూడా. గ్లోమెరులస్ మీద ఏళ్ల తరబడి పడే అదనపు పీడనం తగ్గి, మూత్రంలో ప్రోటీన్ పోయేవాళ్లకైతే ముఖ్యంగా, కిడ్నీ ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ జంటలో దోషి నొప్పి మాత్ర, శిక్ష బీపీ మాత్రకు వేయడం అన్యాయం. బీపీ మాత్ర ఆపేసి బీపీని 180కి వదిలేస్తే కిడ్నీకి జరిగే నష్టం ముందు ఇదెంత! ఒక్క మినహాయింపు ఉంది. ఎప్పుడైనా వాంతులు, విరేచనాలు పట్టుకుని ఏమీ తాగలేని స్థితి వస్తే ఆ ఒకటి రెండు రోజులు ఆ మాత్ర సంగతేంటో డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలి.

మోకాళ్లకు మరి? పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో, పైపూత మందు సరిపోతుందేమో, తొడ కండరాల వ్యాయామం ఏం చేయాలో డాక్టర్ని అడగమను. మందుల షాపు అబ్బాయి మంచివాడే కావచ్చు, నాన్నగారి క్రియాటినిన్ ఎంతో ఆ అబ్బాయికి తెలియదు కదా.

57 అన్న అంకె గురించి కూడా ఒక మాట. అది కొలిచింది కాదు, కట్టిన లెక్క. రక్తంలో క్రియాటినిన్ కొలిచి, వయసు, ఆడా మగా చూసి 2021లో వచ్చిన సూత్రంలో వేస్తే 61 ఏళ్ల మగమనిషికి 1.4 దగ్గర 57 వస్తుంది. అదే 1.2 ఉంటే 69. పాయింట్ రెండు తేడాకు పన్నెండు అంకెలు! ఆ పాయింట్ రెండు ముందు రాత్రి తిన్న మటన్ వల్ల కావచ్చు, నీళ్లు తాగకపోవడం వల్ల కావచ్చు, నొప్పి మాత్ర వల్ల కావచ్చు, కండ పుష్టి వల్ల కావచ్చు, ఎందుకంటే క్రియాటినిన్ పుట్టేది కండరంలోనే. వయసుతోపాటు నలభై దాటాక ఏడాదికి ఒకటి చొప్పున తగ్గడం చాలామందిలో మామూలే. అందుకే 60 కంటే తక్కువ మూడు నెలలు దాటి నిలబడితేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు, ఒక్క కాగితం చూసి అనరు.

కాబట్టి నొప్పి మాత్ర మానేసి, ముందు రోజు నుంచి మాంసం లేకుండా, సరిపడా నీళ్లు తాగి, డాక్టర్ ఒప్పుకుంటే కొన్ని వారాల తర్వాత అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. దాంతోపాటు ఉదయం మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి అడుగు. ఇది చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో ఈజీఎఫ్ఆర్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. వేగం వేరు, పొర బాగుండటం వేరు. నీ గరాటులో చకచకా దిగుతున్న ద్రవం బీకరులో తెల్లగా ఉంటే మార్కులు వేస్తారా? ఆ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే పొర బాగున్నట్టు. ఒక స్కాన్ కూడా రాస్తారు, రాయకపోతే అడుగు. ఆ వయసులో ప్రోస్టేట్ వాచినా, రాయి అడ్డుపడినా మూత్రం వెనక్కి నిలిచి బౌమన్ గుళిక పీడనం పెరుగుతుంది, ఆ 15 కాస్తా 25 అయితే నికరం సున్నా అని ఇప్పుడు నీకే తెలుసు. రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారో, ధార సన్నబడిందో కూతురికి చెప్పడానికి మొహమాటపడతారు, డాక్టర్ గదిలో నువ్వు కాసేపు బయట కూర్చో.

ఇదివరకటి రిపోర్టులు ఏవైనా ఉంటే వెతుకు. రెండేళ్ల క్రితం కూడా 1.4 ఉంటే అది ఒక కథ, అప్పుడు 0.9 ఉండి ఇప్పుడు 1.4 అయితే పూర్తిగా వేరే కథ. కాళ్లూ మొహం వాచినా, మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా కొన్ని వారాలు ఆగకండి, అప్పటికప్పుడు వెళ్లండి.

ఇక నీ పదికి మూడు. రీవాల్యుయేషన్ అడక్కు, మూడు కూడా దయతో వేసినవే. శరీరంలో ఉష్ణోగ్రత 37 దగ్గర కదలదు, కాబట్టి వేడి మీద వడకట్టడం అక్కడ లేదు. పొర నిరోధం, వైశాల్యం కలిపి వడపోత గుణకం అని ఒకటి రాయాలి, నికర పీడనానికి మిల్లీమీటరుకు నిమిషానికి 12.5 మిల్లీలీటర్లు, దాన్ని పదితో గుణిస్తే 125. తర్వాత మూడు పీడనాలు, రెండు ధమనికల బిగువు, రక్త ప్రవాహం, ఆటోరెగ్యులేషన్ (బీపీ ఊగినా గ్లోమెరులస్ పీడనాన్ని కిడ్నీ తనే చూసుకోవడం). 55, 15, 30 అంకెలతో చిన్న బొమ్మ వేసి బాణాలు పెట్టు, దిద్దేవాళ్లకు బాణాలంటే ఇష్టం.